ముక్క పరీక్ష, మళ్లీ వస్తుందా అన్న ప్రశ్న: నల్లగొండలోని ఒక ల్యాబు సేవపై సమీక్ష

నల్లగొండ క్లాక్ టవర్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఉన్న చిన్న హిస్టోపాథాలజీ ల్యాబు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. రక్తం, మూత్రం పరీక్షించే ల్యాబులు మన పట్టణాల్లో వీధికొకటి ఉన్నాయి గానీ, ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పోసి, పలుచగా కోసి, రంగులు వేసి చూసి చెప్పేవి చాలా తక్కువ. మా చెల్లెకు వచ్చిన జబ్బు అరుదైనది కావడం వల్ల గత రెండేళ్లలో ఆ మెట్లు ఐదుసార్లు ఎక్కవలసి వచ్చింది. ల్యాబు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే దేవరకొండ వైపు నుంచి అక్కడికి వచ్చే ఆడవాళ్లలో మా చెల్లెను పోల్చుకోవడం ఎవరికైనా తేలికవుతుంది, అది ఆమెకు ఇష్టం లేదు.

జబ్బు పేరు ఇడియోపతిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న గుత్తుల చుట్టూ, కారణం ఇదీ అని తేలకుండా, నెలల తరబడి సాగే వాపు ఇది. కెస్లర్, వోలోక్ అనే ఇద్దరు వైద్యులు 1972లో దీన్ని విడి జబ్బుగా మొదటిసారి వర్ణించారు. చూడటానికి అచ్చం క్యాన్సర్ గడ్డలా ఉంటుందని అప్పుడే హెచ్చరించారు. ఎక్కువగా బిడ్డను కన్న కొన్నేళ్లలోపు ఆడవాళ్లకు వస్తుంది. గట్టి గడ్డ, ఎర్రబడిన చర్మం, చీము, మానకుండా కారే పుండు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇది క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. కానీ మానినట్టే మాని తిరగబెట్టడం దీని స్వభావం. తిరగబెట్టే రేటు ప్రచురితమైన నివేదికల్లో పదిమందిలో ఒకరికన్నా తక్కువ నుంచి సగం మంది దాకా రకరకాలుగా కనిపిస్తుంది. ఇంత తేడా ఎందుకుందో తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ సమీక్షకు అదే కీలకం.

ముందుగా, ఈ ల్యాబుకు రాకముందు జరిగింది కొంత చెప్పాలి. చిన్నబాబు పాలు మానిన ఏడాదికి చెల్లెకు ఎడమవైపు గడ్డ లేచింది. మాకు దగ్గరి పట్టణంలోని ఒక దవాఖానలో దాన్ని చీముగడ్డ అనుకుని కోసి, కడిగి, లోపలి ముక్కలను పరీక్షకు పంపారు. పంపిన ముక్కలన్నింటినీ ఒకే డబ్బాలో, ఫార్మాలిన్‌లో వేశారు. ఫార్మాలిన్ కణాలను చెడిపోకుండా నిలుపుతుంది గానీ క్రిములను చంపేస్తుంది, కాబట్టి ఆ ముక్కతో కల్చర్ పరీక్ష, అంటే క్రిములను పెంచి చూసే పరీక్ష, చేసే దారి అక్కడికక్కడే మూసుకుపోయింది. వేరే ఊరి ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టులో గ్రాన్యులోమా, అంటే వాపు కణాల ముద్ద, ఉందని, టీబీ అయి ఉండవచ్చని ఒక్క వాక్యం ఉంది. టీబీ క్రిమి కోసం వేసే జీల్-నీల్సన్ రంగు వేశారో లేదో కూడా అందులో లేదు. ఆ ఒక్క వాక్యం మీద టీబీ గోలీలు మొదలుపెట్టారు. రెండు నెలలు మింగినా పుండు మానలేదు, పక్కన ఇంకో గడ్డ లేచింది, తిండి సహించక చెల్లె సగమైంది. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి గ్రాన్యులోమా అనగానే ముందు దాన్నే అనుమానించడం తప్పు కాదు. అనుమానాన్ని పరీక్షించకుండానే నిర్ధారణగా మార్చడం తప్పు.

ఈ నల్లగొండ ల్యాబు పని తీరు మొదటిసారే తేడాగా కనిపించింది. సర్జన్ గారు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో ముక్కలు తీయాలని నిర్ణయించిన రోజు ల్యాబు నుంచి ముందే రెండు డబ్బాలు పంపారు. ఒకదానిలో ఫార్మాలిన్, దాని మీద ముక్క కన్నా ద్రవం కనీసం పది రెట్లు ఉండాలని గీత గీసి ఉంది. రెండోదానిలో శుభ్రమైన సెలైన్, అది టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్షకూ కల్చర్‌కూ. ఆ రెండో డబ్బాను ప్రభుత్వ దవాఖానకు పంపితే టీబీ పరీక్ష ఉచితంగా జరుగుతుందని కౌంటర్‌లోని అబ్బాయే చెప్పాడు. సొంత ల్యాబుకు వచ్చే రాబడిని వదులుకుని అలా చెప్పేవాళ్లను నేను ఎక్కువగా చూడలేదు.

సూదితో తీసిన ముక్కలు తెల్లగా, సేమ్యా పోగుల్లా ఉన్నాయి. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. సూక్ష్మదర్శిని నాకు కొత్త కాదు. అందుకే స్లైడ్లు చూపించమని అడిగాను. ల్యాబు నడిపే డాక్టరమ్మ విసుక్కోకుండా తన ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్క మైనం బ్లాకుగా మారే వరుసంతా చూపించారు. ప్లాస్టిక్ పెట్టె అంచున నంబరు పెన్సిల్‌తో రాసి ఉంది. పెన్నుతో రాస్తే తర్వాత వాడే ఆల్కహాల్, జైలీన్‌లలో సిరా కరిగి ఎవరి ముక్క ఎవరిదో తెలియకుండా పోతుందట. ఆ బ్లాకు నుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందంతో కోసిన రిబ్బను గోరువెచ్చని నీళ్ల మీద తేలుతుంటే, గాజు పలకను కింద నుంచి ఒడుపుగా ఎత్తి దాన్ని అంటించుకున్నారు.

రంగు వేసిన స్లైడులో గులాబీ రంగు నేల మీద నీలి చుక్కల గుంపులు కనిపించాయి. గుంపు నడుమ మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాలు ఒకదానికొకటి ఒరుసుకుని ముద్దగా ఉన్నాయి, అంచుల్లో గుర్రపు నాడాలా కేంద్రకాలు పేర్చుకున్న రాక్షస కణాలున్నాయి, చుట్టూ లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అనే రోగనిరోధక కణాలు. గుంపులన్నీ పాలగుత్తులను అంటిపెట్టుకునే ఉండటాన్ని డాక్టరమ్మ ప్రత్యేకంగా చూపించారు. టీబీలో తరచుగా కనిపించే, జున్నులా చితికిన మధ్యభాగం ఇక్కడ లేదు. రిపోర్టులో అవన్నీ వాక్యాలుగా ఉన్నాయి: ఎన్ని ముక్కలు వచ్చాయి, ఎంత పొడవు, ఏ రంగులు వేశారు, టీబీ క్రిమికీ ఫంగస్‌కూ ఏమీ దొరకలేదు, క్యాన్సర్ కణాలు లేవు, సీబీనాట్ ఫలితంతో కలిపి చూడాలి. ఐదు రోజులన్నది ఎనిమిది రోజులు పట్టింది, బ్లాకులో ఇంకా లోతుకు వెళ్లి మరో విడత కోశామని కారణం చెప్పారు. సీబీనాట్‌లో కూడా టీబీ లేదని వచ్చాక డాక్టర్లు టీబీ మందులు ఆపి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. నెలల మీద మోతాదు తగ్గిస్తూ పోగా పుండు ఎండి, గడ్డ కరిగింది.

నేను అసలు చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సందర్శన గురించి.

గడ్డ మానిన నాటి నుంచి చెల్లెకు ఒకటే దిగులు. స్నానం చేసినప్పుడల్లా తడిమి చూసుకునేది. అదే సమయంలో మరో పట్టణంలోని ఒక శాంపిల్ సేకరణ కేంద్రం వాళ్లు మాకొక కాగితం ఇచ్చారు. పాత బ్లాకు తెస్తే దాని మీద ఆరు ఇమ్యునో పరీక్షలు చేసి, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువా తక్కువా చెబుతామని అందులో ఉంది. సీడీ3, సీడీ20, సీడీ68, సీడీ163, సీడీ138, ఐజీజీ4 అని ఆరు పేర్లు, కింద ఒక పెద్ద అంకె. అది నా జీతంలో చిన్న భాగం కాదు, అయినా కట్టడానికే సిద్ధపడ్డాం. బ్లాకు అడగడానికి నల్లగొండ వెళ్లినప్పుడు చెల్లె నా చెవిలో, "అక్కా, గిది మల్ల రాదని రాసియ్యమను," అంది.

డాక్టరమ్మ బ్లాకు ఇవ్వనని అనలేదు. అది పేషెంటు సొత్తే, సంతకం పెట్టి తీసుకుపోవచ్చన్నారు. కానీ ముందు ఆ కాగితం చదివి, ఒక్కో పేరు దగ్గర ఆగి, అది ఏం చెబుతుందో ఏం చెప్పదో అరగంట సేపు వివరించారు. అప్పుడు నేను తెలుసుకున్నది ఇక్కడ కొంచెం విడమరచి రాస్తాను, ఎందుకంటే ఇలాంటి కాగితాలు ఇంకా ఎందరి చేతికో వస్తాయి.

ఇమ్యునో పరీక్షలో చేసేది ఇది. కణం మీదుండే ఒక నిర్ణీత ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని ముక్క మీద పోస్తారు. అది పట్టుకున్న చోట గోధుమరంగు తేలేట్టు ఇంకో రసాయనం వేస్తారు, మిగతా కణాలకు నీలిరంగు ఇస్తారు. సీడీ3 టి-లింఫోసైట్లను, సీడీ20 బి-లింఫోసైట్లను, సీడీ138 ప్లాస్మా కణాలను చూపిస్తాయి. సీడీ68 మాక్రోఫేజ్‌లను చూపిస్తుంది, సీడీ163 వాటిలో ఒక తరహావాటిని. పరీక్ష మంచిదే, లింఫోసైట్ల క్యాన్సరైన లింఫోమా లాంటి జబ్బుల్లో దీన్ని వదిలి నిర్ధారణే లేదు. కానీ గ్రాన్యులోమా అంటేనే మాక్రోఫేజ్‌ల ముద్ద. అందులో సీడీ68 పాజిటివ్ అని రాయించుకోవడానికి డబ్బు కట్టడం, చెరువులో నీళ్లున్నాయని ధ్రువపత్రం తీసుకోవడమే. ఐజీజీ4 సంగతి ఇంకా స్పష్టం. ఐజీజీ అనేది ఒంట్లో తయారయ్యే ఒక యాంటీబాడీ, ఐజీజీ4 అందులో ఒక రకం. ఐజీజీ4 జబ్బును నిర్ధారించడానికి 2012లో నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణాల ప్రకారం ఐజీజీ4 కణాలు మొత్తం ఐజీజీ కణాల్లో 40 శాతానికి మించాలి, దానితోపాటు ముక్కలో ప్రత్యేకమైన మచ్చకట్టు, మూసుకుపోయిన సిరలు వంటి లక్షణాలు కూడా చూడాలి. ఆ కాగితంలో ఐజీజీ4 ఉంది గానీ మొత్తం ఐజీజీ పరీక్షే లేదు. పైనున్న అంకె ఒక్కటే ఇస్తే కింది అంకె లేని భిన్నంలా, దానికి అర్థం ఉండదు.

కణాల లెక్కతో తిరగబెట్టడాన్ని ముందుగా చెప్పవచ్చా అన్న ప్రశ్న నిజమైన పరిశోధన ప్రశ్నే, చాలా దేశాల్లో వెతుకుతున్నారు. ఏ రకం కణాలు ఎంత పాళ్లలో ఉన్నాయి, చిన్న చీముగుంటలు ఉన్నాయా, వాపు పాలగుత్తులను దాటి కొవ్వులోకి ఎంత పాకింది అన్నవాటిని ఒక్కో బృందం ఒక్కో తీరున లెక్కిస్తోంది. కానీ మామూలు వైద్యంలో వాడదగ్గదిగా రుజువై నిలిచిన కణజాల గుర్తు ఇప్పటికి ఒక్కటీ లేదు. జబ్బు అరుదు కాబట్టి అధ్యయనాలు ఎక్కువగా ఒక్కో దవాఖాన పాత రికార్డుల నుంచి వచ్చిన చిన్నవి. మానకముందే స్టెరాయిడ్ తగ్గిస్తే మళ్లీ ఉబికినదాన్ని కొందరు తిరగబెట్టడంగా లెక్కేస్తారు, పూర్తిగా మానిన తర్వాత వచ్చినదాన్నే కొందరు లెక్కేస్తారు. ఆరు నెలలు చూసి ఆపేసేవాళ్లున్నారు, ఏళ్ల తరబడి చూసేవాళ్లున్నారు. రేట్లలో అంత తేడా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంకో చిక్కు సూదిలోనే ఉంది. సూది చీముగుంట గుండా పోతే న్యూట్రోఫిల్స్ అనే చీముకణాలు కుప్పలుగా వస్తాయి, అంచు గుండా పోతే లింఫోసైట్లు వస్తాయి. అదే మనిషి, అదే రోజు, వేలెడు దూరంలో లెక్క మారిపోతుంది. ముక్క తీయకముందే స్టెరాయిడ్ వాడి ఉంటే కణాల పాళ్లు మరింత మారతాయి. వీటన్నిటి మీద, ఈ అంకె దాటితే ప్రమాదం అని గీసే గీతను ఏ పేషెంట్ల నుంచి గీశారో అదే పేషెంట్ల మీద సరిగ్గా పనిచేసిందని చూపిస్తే సరిపోదు. నేను మా తొమ్మిదో తరగతి పిల్లల మార్కులు ముందు చూసి, తర్వాత గీత గీసి, ఈ గీత తెలివైన పిల్లలను భలే వేరు చేసిందని చెబితే హెడ్మాస్టరు గారు ఒప్పుకోరు. అదే గీతను వేరే బడి పిల్లల మీద పెట్టి చూడమంటారు. మాకిచ్చిన కాగితంలో అలా చూసినట్టు ఒక్క ముక్క లేదు.

డాక్టరమ్మ చివరికి అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "అమ్మా, రంగు ఎన్ని కణాలకు పట్టిందో నేను లెక్కపెట్టి ఇయ్యగలను. ఆ లెక్క చూసి మీ చెల్లెకు మళ్లీ వస్తదా రాదా అని చెప్పలేను. చెప్పలేని దానికి పైసలు తీసుకోను." చెల్లె మొఖం చిన్నబోయింది. రాదని రాసియ్యమని అడగడానికి వచ్చిన మనిషికి అది వినడానికి కష్టమైన మాటే. అయినా బస్సెక్కే ముందు, నిజం చెప్పిన మనిషి దగ్గరికే మళ్లీ వద్దామని తనే అంది.

మళ్లీ రావలసే వచ్చింది. స్టెరాయిడ్ ఆపిన పది నెలలకు అదే రొమ్ములో, ఇంకో వైపు గడ్డ లేచింది. కొత్తగా ముక్క తీశారు. ల్యాబులో పాత బ్లాకును అలమర నుంచి తీసి, దాన్ని మళ్లీ కోసి, కొత్తదాని పక్కన పెట్టి చూశారు. కొత్త స్లైడులో గ్రాన్యులోమా నడుమ గుండ్రని ఖాళీ గుంటలు కొన్ని ఉన్నాయి, వాటి చుట్టూ న్యూట్రోఫిల్స్ వడ్డాణంలా చుట్టి ఉన్నాయి. అవి కొవ్వు బొట్టులుండిన చోట్లు, బ్లాకు తయారీలో కొవ్వు కరిగిపోయి గుంట మిగులుతుంది. బ్యాక్టీరియాను చూపించే గ్రామ్ రంగు వేస్తే ఒక గుంటలో చిన్న ఊదారంగు కడ్డీలు రెండు మూడు కనిపించాయి. కొవ్వును ఇష్టపడే కొరినిబ్యాక్టీరియం అనే క్రిమి జాతికి ఈ తరహా వాపుతో సంబంధం ఉందని తెలుసు. అందులో క్రోపెన్‌స్టెడ్టీ అనే రకానికి 1998లో పేరు పెట్టారు. మామూలు కల్చర్ పళ్లెంలో అది సరిగ్గా పెరగదు, కొవ్వు పదార్థం కలిపిన మాధ్యమం కావాలి, అందుకే చాలాసార్లు తప్పించుకుపోతుంది.

పాత బ్లాకును లోతుగా కోసినప్పుడు అందులోనూ అలాంటి గుంట ఒకటి బయటపడింది. మొదటిసారి కోసిన పొరల్లో అది లేదు, అప్పుడు గ్రామ్ రంగు వేయనూ లేదు. డాక్టరమ్మ ఆ విషయాన్ని దాచలేదు. పాత రిపోర్టుకు తేదీ వేసి అనుబంధ నివేదిక రాసి, మొదటి పరీక్షలో గ్రామ్ రంగు వేయలేదని స్పష్టంగా పేర్కొని, దానికి డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. దాన్ని చూసి చికిత్స చేసే డాక్టర్ గారు కొవ్వులోకి చొరబడగల యాంటీబయాటిక్ అయిన డాక్సీసైక్లిన్‌ను చేర్చి, స్టెరాయిడ్ మోతాదు ఈసారి తక్కువగా పెట్టారు. ఆ గుంట వల్లే తిరగబెట్టిందని నేను అనను, అనగలిగేంత రుజువు ఒక్క మనిషి కథలో ఉండదు. కానీ వైద్యాన్ని మార్చిన గుర్తు ఆ ఖరీదైన ఆరు పేర్లలో లేదు; కొన్ని వందల రూపాయల గ్రామ్ రంగులో, ఓపికగా కోసిన ఇంకో పొరలో ఉంది.

ఇక సేవలోని లోపాలు. కౌంటర్ దగ్గర ఏ భాగం ముక్కో నలుగురిలో గట్టిగా అడుగుతారు. రొమ్ము అని చెప్పడానికి చెల్లె తల దించుకుంది, ఇది వెంటనే మారాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు. సాయంత్రం ఐదు దాటితే ఫోను ఎత్తరు. రిపోర్టు ఇంగ్లిషులోనే ఉంటుంది, డాక్టరమ్మ అరగంట కూర్చుని చెప్పకపోతే మాకు సగం అర్థమయ్యేది కాదు, ఆ అరగంట అందరికీ దొరుకుతుందని హామీ లేదు. ఇమ్యునో పరీక్షలు అక్కడ జరగవు, అవసరమైతే బ్లాకును హైదరాబాద్ పంపుతారు. ఆ సంగతి ముందే చెబుతారు కాబట్టి దాన్ని లోపంగా లెక్కించను. ముక్క పరీక్షకు 1,400 రూపాయలు, ప్రత్యేక రంగులన్నీ కలిపి 900 తీసుకున్నారు. స్తోమత లేనివారు నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానకు వెళ్లవచ్చు, భువనగిరి వైపువారికి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర.

ఇలాంటి గడ్డతో ఎవరైనా ముక్క పరీక్షకు వెళ్తుంటే, సూది పడకముందే రెండు డబ్బాల మాట అడగండి. స్టెరాయిడ్ గానీ టీబీ మందు గానీ అప్పటికే వాడుతుంటే ఫారం మీద రాయించండి. టీబీ, ఫంగస్ రంగులతోపాటు గ్రామ్ రంగు కూడా వేస్తారా అని అడగండి. తిరగబెడుతుందో లేదో చెబుతామని ఎవరైనా పరీక్ష అమ్మితే, ఆ గీతను వేరే ఊరి పేషెంట్ల మీద పరీక్షించారా అని ఒక్క ప్రశ్న వేయండి. ఈ ల్యాబుకు నేను ఐదులో నాలుగు ఇస్తాను, కౌంటర్ పద్ధతి మారిన రోజు ఐదు ఇస్తాను.

చెల్లెకు ఇప్పుడు గడ్డ లేదు. డాక్టర్ గారు మూడు నెలలకోసారి చూస్తున్నారు. రెండు బ్లాకులూ ల్యాబు అలమరలోనే ఉన్నాయి, వాటి నంబర్లు రాసిన చీటీని చెల్లె తన ఆధార్ కార్డు కవర్లో పెట్టుకుంది.